లేనిరోజు కుర్చీ

రేపల్లె ఐసు ఫ్యాక్టరీ మేనేజరు బర్నబాస్ ఎవరు ఎదురుపడినా బాగున్నారా అని అడిగేవాడు కాదు. "ఇప్పుడు కరెంటు పోయిందనుకోండి, ఏం చేస్తారు?" అని అడిగేవాడు. మనిషి పొట్టి, గొంతు పెద్దది, చేతిసంచిలో మిట్టమధ్యాహ్నం కూడా టార్చిలైటు ఉండేది. ఒకసారి పెళ్ళిభోజనాల్లో పక్కన కూర్చున్న పెద్దమనిషిని "ఈ పందిరి అంటుకుంటే మీరెటు పరిగెడతారండి?" అని అడిగాడు. ఆయన చేతిలో అప్పడం విస్తట్లో పెట్టేసి దారి ఎటుందో చూసుకున్నాడు. మళ్ళీ ఆ అప్పడం ముట్టలేదు. ఇలాంటి మనిషిని ప్రేమించడం ఏ ఊరికైనా కష్టమే. ఆ ఊరు ప్రేమించింది. ఎందుకో చెప్పాలంటే తొంభై మేలో వచ్చిన తుపాను దగ్గర మొదలుపెట్టాలి.

ఆ తుపానుకి ఫ్యాక్టరీ గోడలు నిలిచాయి. రేకులు సగం నిలిచాయి. మిషను చెక్కుచెదరలేదు. పని ఆగిపోయింది మాత్రం భట్టిప్రోలులో, ముత్తయ్య ఇంటి దగ్గర. కంప్రెసర్ నడిపేది ముత్తయ్య. ఇంటికప్పు లేచిపోయి, పెళ్ళాంబిడ్డల్ని బడి వరండాలో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ పాత కంప్రెసర్‌కి పెంకితనం ఎక్కువ. ఒకసారి ఆగితే మళ్ళీ లేపడానికి ఏ వాల్వు ఎంత తిప్పాలో, ఎక్కడ చెయ్యి బిగబట్టాలో ముత్తయ్యకి తప్ప ఎవరికీ తెలియదు. జనరేటర్ తెప్పించారు, డీజిల్ పోశారు, మిషను లేపగలిగేవాడు లేడు. ముత్తయ్య నీళ్ళకడ్డంపడి నడిచొచ్చేసరికి తొట్టిలో ఐసంతా కరిగిపోయింది. నిజాంపట్నం చేపల వ్యాపారులు వేరే ఊళ్ళ ఐసుకి అలవాటు పడిపోయారు. వాళ్ళు తిరిగొచ్చేదాకా ఆ ఫ్యాక్టరీని నమ్ముకున్న ఇళ్ళల్లో ఒంటిపూట వంటే.

అందరూ తుపానుని తిట్టారు. తుపానుని తిట్టడంలో ఒక సుఖముంది, అది తిరిగి మాట్లాడదు. బర్నబాస్ మాత్రం యజమాని దగ్గరికెళ్ళి, "మనల్ని ముంచింది గాలి కాదండి. ముత్తయ్య ఒక్కడే కావటం" అన్నాడు.

యజమాని సీతారామాంజనేయులు తాతలనాటి మాగాణి ఉన్న రైతు కుటుంబంలోవాడు. మంచివాడే గానీ, ఫ్యాక్టరీ క్షేమానికి దసరాకి ఓ గుమ్మడికాయ చాలని నమ్మినవాడు.

"ఏంటయ్యా బర్నబాసూ, పొద్దున్నే పాడు మాటలు! అది ఆగితే, ఇది పేలితే, వాడు పోతే! నీ నోట ఒక మంచి మాట రాదా?"

"మంచి జరిగితే దానికి నేనెందుకండి? దాని పాటికి అది జరుగుతుంది."

చర్చిలోనూ ఇదే గొడవ. "దేవుడి మీద భారం వెయ్యవయ్యా" అని పెద్దలు మందలించారు. లూథరన్ ఇంట పుట్టి, ఆదివారం గుడి తప్పనివాడే బర్నబాస్. "వేశానండి. ఆయన మోస్తూనే ఉన్నాడు. డీజిల్ డ్రమ్ము మాత్రం మనమే మోసుకోవాలి" అన్నాడు. కీడు మాట ఎత్తితే కీడు వస్తుందని ఒకరు, ఎత్తితే విశ్వాసం తక్కువైనట్టని ఇంకొకరు. రెండు వేపుల భక్తీ కలిసి ఒక్క డ్రమ్ము కూడా నింపలేదు. బర్నబాస్ నింపించాడు.

ఆ తరవాత ఒక్కొక్కటే మార్చుకుంటూ వచ్చాడు. ఫ్యాక్టరీ వ్యాను ఎప్పుడు నిలిపినా ముఖం రోడ్డు వేపే ఉండాలి. మిషనులో ఐసు కట్టించే అమ్మోనియా గ్యాసు లీకైతే ముక్కుకి కట్టుకోడానికి తలుపు పక్కన తడి తువ్వాళ్ళు వేలాడాలి. గాలి ఎటు వీస్తుందో తెలియడానికి కప్పు మీద కర్రకి ఒక గుడ్డ కట్టాలి. ఆ గుడ్డ అతని భార్య సరోజ పాత చీర చింపు. నీలం మీద పసుప్పచ్చ పువ్వులు. రేపల్లెలో గాలివాలు చూసుకోదలచిన వాళ్ళంతా ఆ పువ్వులకేసే చూసేవాళ్ళు.

అయితే ఏర్పాటు చేసి ఊరుకుంటే సరిపోదని అతనికి తొందరలోనే తెలిసొచ్చింది. తువ్వాళ్ళు ఎండిపోయి సైకిళ్ళు తుడవడానికి పోయాయి. డ్రమ్ములో డీజిల్ వ్యానులోకి నడిచింది. గాలిగుడ్డని, ఐసు కరక్కుండా కప్పే ఊక మోసే కొండమ్మ ఉతికి, ఆరేసి, మడతపెట్టి దాచింది. "మాసిపోయింది బాబూ, నలుగురూ చూసేది" అంది. ప్రమాదం రావడం సంగతి అటుంచి, దానికోసం చేసిన ఏర్పాటే ముందు పాడైపోతుంది. కాబట్టి దాన్ని చూస్తూ ఉండాలి, కదుపుతూ ఉండాలి, తప్పు కనిపించినప్పుడల్లా మార్చుతూ ఉండాలి. పెద్ద కంపెనీలు దీనికి పెద్ద పేరు పెట్టి, అట్టలేసిన ఫైల్లో పెట్టి, ఫైలుని బీరువాలో పెడతాయి. బర్నబాస్ దీన్ని ఒక ఇనప కుర్చీలో పెట్టాడు.

అదే లేనిరోజు.

నెలకోసారి, పొద్దున షిఫ్టు మొదలయ్యేటప్పుడు, బర్నబాస్ గేటు దగ్గర నిలబడి ఒక పేరు చదివేవాడు. "ఇవాళ ముత్తయ్య లేడు." అంతే, ఆ పూటంతా ముత్తయ్య లేడు. గేటు పక్క రేకుల పంచలో ఇనప కుర్చీలో కూర్చోవాలి. మాట్లాడకూడదు, పని ముట్టుకోకూడదు. ఎవరూ అతన్ని అడగకూడదు. ఇంటికి పంపేయొచ్చుగా అని యజమాని అడిగితే, "నిజంగా ఏమైనా అయితే పిలవాలి కదండీ" అన్నాడు. ముందుజాగ్రత్తకి కూడా ముందుజాగ్రత్త అన్నమాట.

బయటివాళ్ళకి ఇది పిచ్చిగా కనిపించేది. రొయ్యల వ్యాపారి ఒకడు వచ్చి, "ముత్తయ్య ఉన్నాడా?" అన్నాడు.

"లేడండి" అన్నాడు వ్యాను డ్రైవరు యోబు.

"అదుగో, కూర్చున్నాడుగా!"

"కూర్చున్నాడండి. కానీ లేడు."

మొదటిసారి ముత్తయ్యకి అది కుర్చీ కాదు, ముళ్ళకంప. లోపల అతని కింద పనిచేసే కుర్రాళ్ళు తప్పు వాల్వు తిప్పుతున్నారని మిషను చప్పుడు బట్టే తెలుస్తోంది. దగ్గాడు. సకిలించాడు. చేత్తో గాల్లో వాల్వు తిప్పి చూపించాడు. చివరికి గుండెమీద చెయ్యేసుకుని మూలిగాడు. కుర్రాళ్ళు అతనికేసి చూడటం మొదలెట్టారు. బర్నబాస్ గబగబా వచ్చి, కుర్చీని ముత్తయ్యతో సహా గోడవేపు తిప్పేశాడు.

"లేనోడు దగ్గుతాడా? లేనోడు సైగలు చేస్తాడా?" అని, అందరికీ వినపడేట్టు రూలు చెప్పాడు. "కుర్చీలో ఉన్నోడు ఏం చేసినా చూడొద్దు. మూలిగినా చూడొద్దు. అంతా నటనే."

మధ్యాహ్నానికి కుర్రాళ్ళు ఏడుస్తూ, తిట్టుకుంటూ మిషను లేపారు. సాయంత్రం ముత్తయ్య బర్నబాస్ గదికొచ్చాడు. ముఖం మాడిపోయి ఉంది.

"నేను లేకపోయినా నడిస్తే, ఇంక నేనెందుకు సార్?"

"జొరమొస్తే దుప్పటి కప్పుకుని పడుకోడానికి."

ముత్తయ్య నవ్వలేదు. కానీ ఆ ఏడే అతని తల్లిని తెనాలిలో ఆస్పత్రిలో చేర్చారు. డిశ్చార్జి అయ్యేదాకా ఆమె మంచం పక్కనే కూర్చున్నాడు. ఫ్యాక్టరీ నించి ఒక్కసారి కూడా కబురు రాలేదు. తిరిగొచ్చాక తన ఇంటి పొట్లకాయలు తెచ్చి బర్నబాస్ బల్ల మీద పెట్టి వెళ్ళాడు. కుర్చీని గోడవేపు తిప్పిన సంగతి మాత్రం మర్చిపోలేదు.

రూలుని ఖాతరు చెయ్యని మనిషి ఒక్క కొండమ్మే. కుర్చీలో ఎవరున్నా మధ్యాహ్నం గ్లాసుడు మజ్జిగ పట్టుకెళ్ళేది.

"లేనోడికి మజ్జిగేంటే?" అని ముత్తయ్య వెక్కిరించేవాడు.

"లేనోడికి దాహముండదేంట్రా? నువ్వు లేని రోజున మీ ఆవిడ వండటం మానేసిందా?"

కొండమ్మని మాత్రం ఎవరూ లేకుండా చెయ్యలేకపోయారు. కుర్చీలో కూర్చోమంటే, "ఊక ఎవడు మోస్తాడు, మీ నాన్నా?" అని వెళ్ళిపోయేది.

ఇప్పుడు సరోజ సంగతి. ఆమెది బాపట్లలో టీచరు ఉద్యోగం. ఇల్లు బాపట్లలో. బర్నబాస్ బతుకు రేపల్లెలో, ఫ్యాక్టరీని ఆనుకుని ఉన్న ఒక గదిలో. ఫ్యాక్టరీని వదిలి రాత్రి బయట పడుకోవడం అతని వల్ల కాదు. అందుకని ఆదివారం గుడి అయ్యాక ఇటునించి అతను, అటునించి ఆమె రైలెక్కి తెనాలిలో కలుసుకునేవాళ్ళు. స్టేషన్ ఎదురుగా హోటల్లో భోంచేసి, ప్లాట్‌ఫారం బెంచీ మీద కబుర్లు చెప్పుకుని, ఎవరి బండి వాళ్ళు ఎక్కేవాళ్ళు. పిల్లలు లేరు. ఆ లోటు గురించి జాలిపడటానికి వచ్చినవాళ్ళకి సరోజ కాఫీ ఇచ్చి కరెంటు కోతల గురించి మాట్లాడేది.

"ఎవరైనా మీ కాపురం ఎక్కడ అని అడిగితే, తెనాలి జంక్షన్లో, మూడో నంబరు ప్లాట్‌ఫారం అని చెప్తున్నా" అనేది. నవ్వుతూనే అనేది. కానీ తొంభై నాలుగు వేసవిలో ఒక ఆదివారం నవ్వకుండా అంది.

సంగతేమిటంటే, బాపట్లలో ఒక ఐసు డిపో పెడదామని సీతారామాంజనేయులు అనుకుంటున్నాడు. సూర్యలంక పడవలకి అక్కడినించే ఐసు ఇవ్వొచ్చు. డిపో బర్నబాస్ చూసుకుంటే ఇంట్లో ఉండొచ్చు, ఇంట్లో తినొచ్చు, ఇంట్లో పడుకోవచ్చు. యజమాని చెప్పి నెలలైంది. బర్నబాస్ ఆలోచిస్తున్నానంటున్నాడు.

"అక్కడ అందరికీ లేనిరోజు వచ్చింది కదా?" అంది సరోజ.

"కొండమ్మకి తప్ప అందరికీ. యోబుకి కూడా. వ్యాను తోలటం ఇప్పుడు ముగ్గురికి వచ్చు."

"మీకు?"

"నాకేంటి? నేను లేకపోతే లేనిరోజు నడిపేదెవరు?"

"అదీ! ఊరందరి ఇంట్లో చిల్లులు వెతుకుతారు, మీ కప్పు చూసుకోరు. ముత్తయ్య ఒక్కడే కావటం వల్ల మునిగామన్నారు. ఇప్పుడు మీరు ఒక్కళ్ళే కాదా?"

బర్నబాస్ బండి వస్తుందేమోనని పట్టాలకేసి చూశాడు. వచ్చే సూచన లేదు.

"ఒక్క రోజు ఆ కుర్చీలో కూర్చోండి. నడవకపోతే నేను మళ్ళీ అడగను. నడిస్తే ఇంటికొచ్చెయ్యండి. నాకు ఈ బెంచీ విసుగొచ్చింది."

ఆమె బేరమాడే మనిషి కాదని అతనికి తెలుసు. ఒప్పుకున్నాడు.

రొయ్యల లోడ్లు ముమ్మరంగా ఉన్న ఒక రోజున బర్నబాస్ గేటు దగ్గర నిలబడి, గొంతు సవరించుకుని, "ఇవాళ బర్నబాస్ లేడు" అని చదివాడు. ఒక్క నిమిషం ఎవరికీ అర్థం కాలేదు. తరవాత యోబు ఈల వేశాడు. ముత్తయ్య ఇనప కుర్చీని తువ్వాలుతో తుడిచి, పెళ్ళికొడుక్కి పీట వేసినట్టు వేశాడు. సీతారామాంజనేయులు పనిగట్టుకుని చూడటానికొచ్చి, "ఏమయ్యా బర్నబాసూ, ఎలా ఉంది?" అని అడిగి, "ఆ, లేవుగా! మర్చిపోయా" అని కడుపుబ్బ నవ్వుకుని వెళ్ళిపోయాడు.

పొద్దున బాగానే గడిచింది. నిజాంపట్నం నించి వ్యాన్లు వరసపెట్టి వచ్చాయి. ఏ వ్యానుకి ముందు ఐసు కొట్టివ్వాలన్న తగువు వచ్చింది. మామూలుగా అది బర్నబాస్ అరిస్తే తీరే తగువు. ముత్తయ్య వెళ్ళి, అరవకుండా, రొయ్యలు ఎక్కువసేపటి నించి ఎండలో ఉన్న వ్యాను ముందు పెట్టించాడు. కుర్చీలో ఉన్న మనిషి మెడ సాగదీసి ఆ తమాషా చూశాడు. ముఖంలో మెచ్చుకోలూ, చిన్న నొప్పీ కలిసే ఉన్నాయి.

తరవాత నిజంగానే నొప్పి మొదలైంది.

రేకుల కింద ఎండ కాగుతోంది, అందరికీ చెమటలే, అతని చెమట ఎవరికీ వింతగా కనిపించలేదు. ఎడం భుజం పట్టుకున్నాడు. గుండెమీద చెయ్యేసుకున్నాడు. "యోబూ" అన్నాడు. గొంతు పెద్దది గానీ, ఆ పూట బయటికి రాలేదు. యోబు చూశాడు. చూసి, నవ్వాపుకుంటూ ముఖం తిప్పుకున్నాడు.

"చూడకండ్రా! మనల్ని పరీక్ష పెడుతున్నారు" అన్నాడు ముత్తయ్య.

బర్నబాస్ చెయ్యెత్తి పిలిచాడు. మూలిగాడు. ఒకప్పుడు ముత్తయ్య చేసిన సైగలే ఇవి, ఒక్కటి కూడా తేడా లేదు. ముత్తయ్య పని ఆపి, చేతులు తుడుచుకుని, తాపీగా పంచలోకొచ్చాడు. ఇన్నేళ్ళ నించీ ఎదురుచూస్తున్న క్షణం.

"లేనోడు సైగలు చేస్తాడా సార్?" అంటూ, కుర్చీని మనిషితో సహా గోడవేపు తిప్పేశాడు. ఫ్యాక్టరీ అంతా ఘొల్లుమంది.

గోడకేసి తిరిగిన ఆ మనిషి ముఖం ఇంక ఎవరికీ కనిపించదు. రూలు అన్నివేపులా బిగుసుకుంది. తను కట్టిందే. అందులో ఒక్క చిల్లు కూడా లేదు, ఒక్క కొండమ్మ తప్ప.

కొండమ్మ మజ్జిగ గ్లాసు పట్టుకుని కుర్చీకి అవతలి వేపుకి వెళ్ళింది. ఇచ్చింది. గ్లాసు అతని వేళ్ళ మధ్య నించి జారి కిందపడింది. ఆమె వంగి ముఖంలోకి చూసింది.

"ఒరేయ్ ముత్తయ్యా, ఆటాపండ్రా! ఈయన నిజంగానే పోయేట్టున్నాడు!"

అప్పుడు జరిగినదంతా బర్నబాస్ నేర్పిన పద్ధతిలోనే జరిగింది. వ్యాను ముఖం రోడ్డు వేపే ఉంది. తాళం ఉండాల్సిన మేకుకే ఉంది. డీజిలుంది. యోబు ఎక్కేలోగా వేరేవాడు ఇంజను స్టార్టు చేసి ఉంచాడు. కొండమ్మ ఎవర్నీ అడక్కుండా ఎక్కి, బర్నబాస్ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ముత్తయ్య కూడా కాలు పైకి పెట్టి, లోపల మిషను చప్పుడు విని, ఆ కాలు దింపేశాడు. "మీరు పొండి. నేనిక్కడుంటా" అన్నాడు. కళ్ళు తుడుచుకోలేదు. వాల్వు దగ్గరికి నడిచాడు.

రేపల్లెలో డాక్టరు ఒక ఇంజెక్షను చేసి తెనాలి పంపాడు. తెనాలి నర్సింగ్‌హోమ్‌లో ఇంకో డాక్టరు, ఇంకొంచెం ఆలస్యమైతే తన దాకా వచ్చేవాడు కాదన్నాడు. సరోజ బాపట్లనించి ఆదివారాలు ఎక్కే బండిలోనే వచ్చింది. బెంచీ దగ్గర ఆగకుండా వచ్చింది.

మర్నాడు బర్నబాస్‌కి మాట్లాడే ఓపిక వచ్చింది.

"లోడ్లు పోయాయా?"

"పోయాయి. అన్నీ. మీరు లేకుండానే" అంది సరోజ.

ఇన్నేళ్ళు ఆ మాట కోసమే అతను తంటాలు పడ్డాడు. తీరా అది విన్నాక కంటివెంట నీళ్ళొచ్చాయి. సరోజ కొంగుతో తుడిచింది. అది సంతోషమా, దిగులా అని అడిగే రకం కాదామె.

సాయంత్రం ముత్తయ్య వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి భోరుమన్నాడు. "నా చేత్తో గోడకి తిప్పానండి! నా ఈ చేత్తో!"

"ఏడవకు. రూలు ప్రకారమే తిప్పావు. రూలే తప్పు" అన్నాడు బర్నబాస్. గొంతు సన్నగా ఉన్నా తీరు మారలేదు. "నిజం మూలుగుకీ దొంగ మూలుగుకీ తేడా తెలియాలి. లేనోడి చేతిలో ఒక గంట పెట్టాలి. ఆటలో గంట ముట్టుకోకూడదు. మోగిందంటే నిజమన్నట్టు. సరోజా, మీ బళ్ళో పాత గంట ఏమైనా ఉందా?"

"ముందు మందు మింగండి" అంది సరోజ.

గంట దొరికింది, కర్రపిడి ఉన్న ఇత్తడి గంట. యోబు దాన్ని కుర్చీ చేతికి గొలుసుతో కట్టాడు. సీతారామాంజనేయులు మొట్టమొదటిసారి, ఎవరూ చెప్పకుండా, ఫ్యాక్టరీకి ఫస్ట్ ఎయిడ్ పెట్టె కొన్నాడు. దానికీ కుంకుమ బొట్టు పెట్టాడు. పెట్టనీయండి, పెట్టెలో మందులున్నాయి.

వర్షాలు మొదలయ్యేసరికి బర్నబాస్ బాపట్ల చేరాడు. ముత్తయ్య మేనేజరయ్యాడు. డిపో పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. మధ్యలో ఇంట్లో కూర్చుని, గ్యాసు బండ అయిపోతే ఏం చెయ్యాలో సరోజకి చెప్పేవాడు. పదకొండేళ్ళ నించి ఒంటరిగా గ్యాసు బండ మార్చుకుంటున్న సరోజ శ్రద్ధగా వినేది.

కానీ రేపల్లెకి ఫోను చెయ్యకుండా ఉండలేకపోయేవాడు. రోజూ ఏదో ఒక వంక దొరికేది. ఒక రోజు పొద్దున, సరోజ బడికి బయల్దేరుతుండగా, మళ్ళీ ఫోను తిప్పాడు. అవతల ఎత్తారు.

"ఎవరూ? ముత్తయ్యేనా? ఏంటి కబుర్లు?"

అవతలనించి గుసగుసగా, "సార్... ఇవాళ నేను లేనండి. కుర్చీలో ఉన్నా. ఫోను చేతికందే దూరంలో ఉందని..."

"లేనోడు ఫోను ఎత్తుతాడా?" ఇల్లు దద్దరిల్లింది. పాత గొంతు మొత్తం తిరిగొచ్చింది. "పెట్టెయ్! ఆ ఫోను పంచలోనించి తీయించమని చెప్పు! కాదు, నువ్వు చెప్పకు, నువ్వు లేవు! వాళ్ళకే తెలియాలి!"

ఠపీమని ఫోను పెట్టేశాడు. గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్న సరోజ తలెత్తింది.

"ఏమంటున్నాడు ముత్తయ్య?"

"ముత్తయ్య లేడు" అన్నాడు బర్నబాస్. ఇంత సంతోషంగా ఆ మాట ఎవరూ అని ఉండరు. "అయినా వెనకాల మిషను చప్పుడు బాగా వినపడుతోంది."